తూకం వేయని పిల్లవాడు

జూన్ 11, 2006

ముందు గదులు పోయాయి. మూడేళ్ల నుంచి "ఆ రెండర్రలు నీకే రాజూ, మిషిన్ పెట్టుకో, అంగన్‌వాడీ సామాన్ పెట్టుకో" అంటూ వచ్చిన మా అన్న కొండన్న ఇవాళ పొద్దున తాళాలు తీసుకెళ్లి రోడ్ల ఇంజనీరు చేతిలో పెట్టాడు. నన్నొక మాట అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు, అయినా అడిగాను.

"సర్కార్ నౌకరి మనిషే, రెండేండ్లల్ల బదిలీ అయిపోతడు. నువ్వు ఒక్కదానివి, నీకు ఎనుకర్ర సరిపోదా ఏంది" అన్నాడు.

మొగుడు వదిలేసినదానికి వెనుక గది చాలని ఏ శాస్త్రంలో రాసి ఉందో మరి. సిరొంచ అంగన్‌వాడీ సెంటర్లో ఇరవై రెండేళ్లుగా సేవికను. ఊళ్లో సగం మంది పిల్లలకు నా చేత్తో కిచిడీ పెట్టాను. మా ఇంట్లో మాత్రం నా మాటకు విలువ లేదు.

ఇంజనీరు పేరు ఆలోక్. రాయ్‌పూర్ వైపు మనిషి. పెళ్లాం నిధి. కొడుకు అక్షత్, ఏడాదిన్నర వాడు. మొగుడు వాడితో హిందీలో మాట్లాడతాడు, ఆమె ఇంగ్లీషులో. ఇంట్లో మనుషులు ముగ్గురు, గోల ముప్పై మందిది.

జూన్ 14

వాళ్లను ఖాళీ చేయించే దాకా ఈ పుస్తకంలో వాడి రోజువారీ అంతా రాసి పెడతాను. అన్నతో కొట్లాడే రోజు తేదీలు, గంటలు చెబితే నోరు మూసుకుంటాడు. రిజిస్టర్లు రాసిన చెయ్యి నాది. మహారాష్ట్ర సర్కారువి కాబట్టి అవి మరాఠీలో రాయాలి, ఇది మాత్రం మహదేవ్‌పూర్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్న నా తెలుగులో రాస్తాను.

ఆరుకు లేస్తాడు. వాడి మంచం నా గోడకు అవతలే. లేవగానే అరుస్తాడు. ఆరున్నరకు పాలు, సగం తాగి గ్లాసు విసురుతాడు. ఎనిమిదింటికి ఆమె ఒక్కో ముద్దకు వన్, టూ, త్రీ అని లెక్కపెడుతూ తినిపిస్తుంది, సెవెన్ దగ్గర ఉమ్మేస్తాడు. తొమ్మిదికి ఎర్ర టబ్బులో స్నానం, నీళ్లన్నీ నా తులసి మొక్క దగ్గరికి వస్తాయి. ఒంటి గంట నుంచి మూడు దాకా నిద్ర. మూడున్నరకు వాకిట్లో నా కోళ్ల వెంట పడతాడు. ఒక పెట్ట గుడ్లు పెట్టడం మానేసింది.

వాడిని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

జూన్ 29

నా కుక్కర్ కూతేస్తే గోడ అవతల వాడూ కూతేస్తాడు. నాలుగు విజిల్స్‌కు నాలుగు. పప్పు ఉడికిందో లేదో వాడిని అడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టింది.

మాటలు నాలుగే. పానీ, బాల్, నో, బై. నో అన్నది రోజుకు రెండు వందల సార్లు. ఆ ఒక్కటీ అమ్మ పోలిక.

జూలై 2

సాయంత్రం ఆరుంబావుకు గేటు దగ్గరికి పరుగు. ఇంజనీరు బండి ఇంకా బస్టాండ్ మలుపులోనే ఉంటుంది, మనకెవ్వరికీ వినబడదు. వాడికి వినబడుతుంది. గేటు పట్టుకుని ఊపుతాడు. ఆ గేటు కీళ్లు మా నాయన వేయించినవి, ఊడిపోతే ఎవడిస్తాడు. ఇవాళ మూడుసార్లు వేరే బండ్లు పోయాయి, కదల్లేదు. తండ్రి బండికి మాత్రమే లేచాడు. కుక్క చెవులు.

జూలై 3

వాన. పిల్లలను తెచ్చే తల్లి ఒక్కతీ రాలేదు. ఈ నెల తూకాలు ఇంట్లో కూర్చునే రాసేశాను. పోయిన నెల అంకెకు రెండు వందల గ్రాములు కలిపితే సరిపోతుంది. వానాకాలంలో అందరూ చేసేదే, ఆఫీసుకు కావాల్సింది కాగితమే.

సర్వేలో ఉన్నాడని మా ముందు గదుల వాడి పేరూ ఎక్కించాను. జూన్ పది కిలోలు, జూలై పది కిలోల రెండు వందలు. పక్క గడిలో నిరోగి, అంటే ఏ జబ్బూ లేదని. అరిచే అరుపులు చూస్తే నిరోగి కాక ఏమవుతాడు.

జూలై 20

పెద్ద ఉరుము. మధ్యాహ్నం నాలుగింటికి. వాడు జడిసి వాళ్ల గదిలోకి పోకుండా నా గుమ్మంలోకి ఉరికి వచ్చి కుచ్చిళ్లు పట్టుకున్నాడు. చీర నలిగిపోయింది. వేళ్లు విడిపించి పంపేశాను.

జూలై 23

పిల్లవాడికి జ్వరం. గోడ అవతల ఒకటే ఏడుపు.

జూలై 24

ఏడుపు. వాన. ప్రాణహిత గట్టు దాటింది. అహేరి దారి తెగిపోయిందని నర్సక్క చెప్పింది. నర్సక్క మా సెంటర్ సహాయకురాలు, ఊళ్లో వార్తలన్నీ దాని కొంగులోనే ఉంటాయి.

జూలై 25

ఇవాళ ఏడుపు లేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

జూలై 26

ఏడవకపోవడం మంచిది కాదట. మెడ కట్టెలా బిగుసుకుందట. నిన్నే ఇక్కడి దవాఖానాలో చేర్చారు. మెదడుకు ఎక్కిన జ్వరం అంటున్నారు. పడవ లేదు, జీపు పోదు. ఆమె చెప్పుల్లేకుండా వాన్లో తిరుగుతుంటే చూశాను. నేను నా తలుపు వేసుకున్నాను. తెరిస్తే మాత్రం ఏం చేసేదాన్ని.

ఆగస్టు 2

తెచ్చారు. బతికాడు. ఈ వారం రోజులు గోడ అవతల చప్పుడు లేక నాకు సరిగా నిద్ర పట్టలేదు, అలవాటు పాడైంది.

ఆగస్టు తూకాలు రాశాను. అక్షత్ పది కిలోల నాలుగు వందలు. నిరోగి. నెల నెలా కలపకపోతే పై మేడం వంద ప్రశ్నలు వేస్తుంది.

ఆగస్టు 9

జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి పిల్లవాడికి పొగరు ఎక్కింది. తూలుతూ నడుస్తాడు, అయినా కోళ్లను వదలడు. వెనకనుంచి "ఏయ్ పిలగా" అని అరిచాను. తిరిగి చూడలేదు. మళ్లీ అరిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. తల్లి గారాబం చేస్తే ఇట్లాగే తయారవుతారు.

కుక్కర్‌కు ఇప్పుడు కూతేయడం లేదు. పోనీలే, ఒక పీడ వదిలింది.

ఆగస్టు 17

ఇవాళ ముందు గదుల్లో యుద్ధం. ఉన్న నాలుగు మాటలూ పోయాయట. రాయ్‌పూర్ నుంచి అత్త ఫోన్ చేసి, రెండు భాషలు రుద్దితే పిల్లవాడి బుర్ర తిరిగిపోయింది, ఇంగ్లీషు మానేయమని చెప్పిందట. నువ్వే హిందీ మానేయమని ఆమె మొగుడి మీద పడింది. నేను బావి దగ్గర ఉన్నాను, అంతా వినబడింది. వినకుండా ఎలా ఉంటాను, వాళ్లు మాట్లాడేది ఊరంతటికీ.

నీళ్లకు వచ్చినప్పుడు నా హిందీలో నేనూ ఒక పుల్ల వేశాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన పిల్లవాడు ఏ గట్టు చేరతాడు అన్నాను. ఆమె బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ.

ఆగస్టు 30

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ వాడితో సరిగా మాట్లాడటం లేదు. ఏ భాషలో మాట్లాడాలో తేలలేదట. ఆమె ముద్దలు పెడుతుంది కానీ లెక్కపెట్టదు. వాడు సెవెన్ దాటి పది తింటున్నాడు.

ఆరుంబావుకు గేటు దగ్గరికి పరుగు లేదు. బండి వాకిట్లోకి వచ్చి, వాడి కళ్లకు కనబడ్డాక అప్పుడు లేస్తాడు. తండ్రి మీద కూడా మోజు తీరిందన్నమాట.

సెప్టెంబర్ 4

నర్సక్కను ఏమనాలో తెలియడం లేదు. పిల్లల తూకం కార్డులన్నీ పంచుతూ అక్షత్ కార్డు కూడా తీసుకెళ్లి నిధి చేతికి ఇచ్చింది. జూన్, జూలై, ఆగస్టు, మూడు తూకాలు, మూడు నిరోగిలు, కింద నా సంతకం.

ఆమె కార్డు పట్టుకుని సెంటర్‌కు వచ్చింది. పిల్లల ముందే అడిగింది. నేను వీడిని ఒక్కనాడూ ఇక్కడికి తీసుకురాలేదు, ఏ కాంటాలో వేశావు అని. వీడు దవాఖానాలో సెలైన్ కింద ఉన్న వారం నిరోగి ఎలా అయ్యాడు అని. నేను తేదీ వేరే, వారం వేరే అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

సెప్టెంబర్ 15

నిధి ఫిర్యాదు మీద నోటీసు వచ్చింది. సస్పెండ్. నవంబర్ 20న చౌకశీ, అంటే విచారణ, అహేరి నుంచి మేడం వస్తుంది. అబద్ధమని తేలితే ఇరవై రెండేళ్ల నౌకరి పోయినట్టే.

అద్దె గదుల్లో చేరింది, నా గోడకు ఆనుకుని కాపురం చేసింది, నా నోటి కాడి కూడు లాగేసింది. అందరూ చేసేదానికి నేనొక్కదాన్నే దొరికానా. ఆమె బట్టలు ఆరేసుకునే తీగ కోసేశాను. బాగా చేశాను.

సెప్టెంబర్ 22

అన్నకు పుస్తకంలోంచి తేదీలు చదివి వినిపించాను. అరుపులు, గేటు, కోళ్లు, తులసి. చివరిదాకా విని, "ఇదేం పంచాంగమే. పిలగాడు అల్లరి చెయ్యకుంటే నువ్వు నేను చేస్తమా" అన్నాడు.

"ఖాళీ చెయ్యిస్తవా లేదా అన్నా" అన్నాను.

"నువ్వే నౌకరి లేక కూసున్నవు. వాళ్ల కిరాయి కూడ వద్దంటవా" అన్నాడు. పుండు మీద కారం చల్లడం మా అన్నకు పుట్టుకతో వచ్చిన విద్య.

సెప్టెంబర్ 27

ఉరుములు. నర్సక్క కూడా చెవులు మూసుకుంది. వాడు అరుగు మీద బంతి దొర్లించుకుంటూ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. జూలైలో నా చీర నలిపినవాడే. రెండు నెలల్లో ఎంత ధైర్యం వచ్చిందో.

అక్టోబర్ 8

పొద్దున ఆమె నా ముఖం చూసి ఉమ్మేసింది. వక్క ఉమ్మేశానంటుంది, ఆమె వక్క నమలగా నేనెప్పుడూ చూడలేదు. పదకొండింటికి వాకిట్లో గిన్నెలు తోముతున్నాను. వాడు నాకు వీపు పెట్టి, బారెడు దూరంలో మట్టి తవ్వుకుంటున్నాడు. కడుపు మండి ఇత్తడి బోగుణి ఎత్తి బండ మీద కొట్టాను. వాడి వెనకే, చెవి పక్కనే. కోళ్లు గోడెక్కాయి. అన్న గదిలోంచి "ఏమైందే" అని కేక వేశాడు. నిధి చేతిలో చీపురుతో బయటికి వచ్చింది.

వాడు మట్టి తవ్వుకుంటున్నాడు.

మొండి ముండాకొడుకు అని రాశాను. రాసి కొట్టేశాను.

అక్టోబర్ 9

ఏమీ రాయబుద్ధి కాలేదు.

అక్టోబర్ 10

సెంటర్‌లో ప్రతి పిల్లవాడికీ చేసేది. వెనక నిలబడాలి, నీడ పడకూడదు, గాలి తగలకూడదు. డబ్బాలో గులకరాళ్లు వేసి కుడి చెవి దగ్గర, ఎడమ చెవి దగ్గర ఆడించాలి. నేను వందల మందికి చేశాను. వీడికి చేయలేదు. ముట్టుకోనని ఒట్టు కదా.

ఇవాళ చేశాను. కుడి, లేదు. ఎడమ, లేదు. మళ్లీ కుడి, లేదు. గిన్నె మీద గరిట, లేదు. నా నీడ పడగానే తిరిగి చూసి నవ్వాడు. పై పళ్లు నాలుగు, కింద నాలుగు.

ఆగస్టు 9న నేను రాసింది మళ్లీ చదివాను. శంఖం అని రాసుకున్నాను. ఆ చేత్తోనే నిరోగి అని సంతకం పెట్టాను.

అక్టోబర్ 12

చెప్పాను. నిధి గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. మీ వాడికి భాషల గొడవ కాదమ్మా, వాడికి వినబడటం లేదు, వరంగల్ తీసుకెళ్లండి అన్నాను.

ముఖం తెల్లబడింది. తర్వాత ఎర్రబడింది. "బద్లా లే రహీ హో?" అంది. పగ తీర్చుకుంటున్నావా అని. నీ నౌకరి పోతుందని నా కొడుకును చెవిటివాడిని చేస్తావా, నీ నోరు పడిపోను అని హిందీలో ఇంకా చాలా అంది. తలుపు వేసింది. తలుపు నా వేలి మీద పడింది, గోరు నల్లబడింది.

మంచికి పోతే ఇదీ ఫలం. చావనీ, నాకేం.

అక్టోబర్ 13

మధ్యాహ్నం రెండింటికి గోడ అవతల పళ్లెం మోగింది. ఒకసారి. కాసేపాగి మళ్లీ. ఇంకా గట్టిగా. పదకొండు సార్లు లెక్కపెట్టాను. తర్వాత పళ్లెం నేల మీద దొర్లిన చప్పుడు, తర్వాత ఆమె ఏడుపు. వాడి నవ్వు కూడా వినబడింది, పళ్లెం గిరగిరా తిరుగుతుంటే నవ్వుతున్నాడు కాబోలు.

నవంబర్ 7

నిన్న వరంగల్ నుంచి వచ్చారు. కాళేశ్వరం రేవులో పడవ ఎక్కినప్పటి నుంచి మొగుడూ పెళ్లాం ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదని పడవవాడు నర్సక్కకు చెప్పాడు. మిగతాది అన్నకు ఇంజనీరు చెప్పాడు, అన్న నాకు చెప్పాడు.

రెండు చెవులూ పోయాయి. డాక్టర్ ఒకటే అడిగాడట. పుట్టుకతోనా, జ్వరం తర్వాతనా. పుట్టుకతో అయితే మెల్లగా పరీక్షలు చేద్దాం. ఆ జ్వరంతో పోయినదైతే లోపల చెవిలో ఎముక కమ్ముకుంటుంది, నెలలు కూడా ఆగకూడదు, వెంటనే హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు చూడాలి. జ్వరానికి ముందు బాగా వినేవాడని ఆమె అంది. వాడు ముందు నుంచీ మందమే, ఆ నాలుగు మాటలూ సరిగా వచ్చేవి కావు, మా అమ్మ అప్పుడే చెప్పింది అని మొగుడు అన్నాడు. ఏ తేదీన విన్నాడు, దేనికి తిరిగి చూశాడు అని డాక్టర్ అడిగితే ఇద్దరికీ ఒక్క తేదీ గుర్తు రాలేదట. సంచిలోంచి నా కార్డు తీసి డాక్టర్ ముందు పెట్టింది ఇంజనీరే. అది అబద్ధపు కార్డని ఆమె మొత్తుకుంటే, విచారణలో ఇంకా తేలలేదు కదా అన్నాడట. జ్వరానికి ముందు నిరోగి, జ్వరం తర్వాత నిరోగి. జ్వరంతో ఏమీ మారలేదని సేవిక రాసింది కదా, అయితే పుట్టుకతోనే అయి ఉంటుంది అన్నాడట డాక్టర్. మూడు నెలల తర్వాత రమ్మన్నాడు.

అన్న చెబుతుంటే నేను చింతపండు గింజలు తీస్తున్నాను. తీసిన గింజలన్నీ మళ్లీ చింతపండులోనే వేశాను.

నవంబర్ 9

నర్సక్క వచ్చింది. మేడంతో మాట్లాడి వచ్చిందట. "భయపడకక్కా. పిలగాన్ని ఇంటికాడనే తూకమేసినవని నేను సాచ్చెం చెప్త. కార్డుల ఏమున్నదో నువ్వు గదే చెప్పు, ఇంకో మాట తియ్యకు. నౌకరి మల్ల వస్తది" అంది.

కార్డు నిలబడితే నేను నిలబడతాను. నలభై నాలుగేళ్లు నాకు. ఈ వయసులో ఎవరి కల్లంలో కూలికి పోను. అన్న వెనుక గదిలో ఎన్నాళ్లు ఉంచుతాడు.

ఈ పుస్తకం పొయ్యిలో వేస్తే అయిపోతుంది.

నవంబర్ 11

రెండు రోజులుగా ఇదే తిప్పుతున్నాను. జూన్ 29, కుక్కర్‌కు నాలుగు కూతలు. జూలై 2, బస్టాండ్ మలుపులో బండి. జూలై 20, ఉరుముకు జడుపు. జూలై 23, జ్వరం. తర్వాత ఒక్కటీ లేదు. డాక్టర్ అడిగిందంతా ఇందులో ఉంది. తల్లి దగ్గర లేనిది, తండ్రి దగ్గర లేనిది, వాడిని చూస్తే ఒళ్లు మండే నా దగ్గర ఉంది. ఇరవై రెండేళ్లలో పిల్లవాడిని కళ్లతో చూసి రాసిన రిజిస్టరు ఇదొక్కటే.

కావాల్సిన పేజీలు చించి ఇద్దామనుకున్నాను. జూలై 2 కాగితం వెనుకవైపే జూలై 3 ఉంది. ఇంట్లో కూర్చుని తూకాలు రాసిన సంగతి, నా చేత్తోనే, చక్కగా అర్థమయ్యేట్టు. ఉరుము కాగితం వెనుక జూలై 25 ఉంది, ఏడుపు లేదు, ప్రాణానికి హాయిగా ఉంది అని రాసిన రోజు.

కావాల్సినవి మాత్రం కొత్త కాగితం మీద ఎత్తి రాసి ఇస్తే. ఒక అర కాగితం రాశాను కూడా. పాత తేదీలకు కొత్త సిరాతో రాసింది చూస్తే నా కార్డులాగే ఉంది. డాక్టర్ ఎందుకు నమ్మాలి. చించేశాను.

నవంబర్ 12, ఆదివారం

ముందు గదుల తలుపు కొట్టాను. నిధి తీసింది. ఇందులో నీ కొడుకు జ్వరానికి ముందు ఏం విన్నాడో తేదీలతో సహా ఉంది, వరంగల్ డాక్టర్ తెలుగువాడే, చదువుతాడు అన్నాను. కార్డు అబద్ధమని కూడా ఇందులోనే ఉంది అన్నాను. నిన్ను తిట్టిన తిట్లు కూడా ఉన్నాయి, అవి అతను చదివి వినిపించాల్సిన పని లేదు అన్నాను.

ఇది ఇస్తే నీ నౌకరి పోతుంది కదా అంది. తెలుసు అన్నాను. దీంతో నిన్ను మాఫ్ చేస్తాననుకోకు అంది. నీ మాఫీ ఎవరడిగారు అన్నాను. నా వాకిట్లో నిలబడి నాకే చెబుతుంది.

ఇంజనీరు రేపటి మొదటి పడవకు పోతామని లోపల ఫోన్‌లో చెబుతున్నాడు. ఆమె పుస్తకం కోసం చెయ్యి చాచి నిలబడి ఉంది. ఆగు, ఇంకో పని ఉంది అన్నాను. వెనుక గదిలో ఉండిపోయిన సెంటర్ కాంటా తెచ్చి వాళ్ల గుమ్మం దూలానికి కట్టాను. వాడిని నేనే ఎత్తి దాని జోలెలో కూర్చోబెట్టాను. గాలిలో ఊగుతూ కాళ్లు ఆడించాడు, నా ముక్కు పట్టుకున్నాడు. ముల్లు ఆగేదాకా చూశాను.

ఇది రాసి ఇచ్చేస్తాను.

అక్షత్. ఇరవై మూడు నెలలు. తొమ్మిది కిలోల ఆరు వందలు, తూకం వేశాను. పక్క గడిలో: జూలై 23 దాకా వినబడేది. ఇప్పుడు వినబడదు. కళ్లారా చూశాను. సంతకం, రాజుబాయి, సేవిక.